చెక్క ఏ వైపు పెట్టాలి

బాగా నడుస్తున్న షట్టర్ని ఎవడైనా విప్పదీసి "చిన్న రిపేరుందండీ" అన్నాడంటే, వాడి కన్ను షట్టరు మీద లేదని అర్థం. ఇది నాకొకరు చెప్పక్కర్లేదు. ఎనిమిదో క్లాసులో బడి నన్ను వదిలేసింది, నేను బడిని వదిలేశాను. అప్పట్నుంచీ షట్టర్ల కిందే నా బతుకు. స్ప్రింగుని కావాలనే కాస్త వదులుగా బిగించి, కొట్టువాణ్ణి నెల తిరక్కుండా మళ్ళీ తన దగ్గరికే రప్పించుకునే మెకానిక్కుల్ని ఎంతమందిని చూశానో. అందులో ఒకడు నాకు పని నేర్పినవాడే.

కాబట్టి మా అమ్మాయి బ్యాటింగు "సరిచేస్తాను" అని కోచ్ మేడం అన్నరోజే నాకు అనుమానం తగులుకుంది. సరిచెయ్యడానికి అసలు ఏం పాడైందని?

మా అమ్మాయిని ఇంటా బయటా గింజ అంటారు. పుట్టినప్పుడు అంతే ఉండేది, ఇప్పుడు పద్నాలుగేళ్ళొచ్చినా పెద్ద తేడా లేదు. మోచేతులూ మోకాళ్ళూ తప్ప ఒంట్లో ఇంకేమీ ఉన్నట్టు కనపడదు. అలాంటి పిల్ల సాఫ్ట్‌బాల్ ఆడతానంటే నేను నవ్వాను. ఆ ఆటేంటో కూడా నాకు తెలీదప్పుడు. క్రికెట్టులా బంతి నేలకి కొట్టి లేవదు. చెయ్యి గిర్రున తిప్పి, నడుం దగ్గర్నుంచి నేరుగా విసురుతారు. నేలమీద ప్లేటని ఒక తెల్ల రబ్బరు బిళ్ళ ఉంటుంది. బంతి దాని మీదుగా దాటిపోయేలోపు కొట్టాలి. కొట్టి, బేసులని ఇంకో మూడు బిళ్ళలుంటాయి, వాటి మీదుగా పరిగెత్తాలి, కుడిపక్క మొదటిది, ఎడంపక్క మూడోది.

గింజ కొట్టేది. ముందుకాలు పక్కకి లాగి, ఒళ్ళంతా గుండ్రంగా తిప్పి ఒక్కటిచ్చిందంటే బంతి మూడో బేసు మీదుగా వెళ్ళి కంచెకి తగిలేది. బళ్ళ మధ్య పోటీల్లో ఆ బంతి కోసం పరిగెత్తీ పరిగెత్తీ అవతలి పిల్లలు వగర్చేవాళ్ళు. చూస్తుంటే, అబద్ధం ఎందుకు, నా జీవితంలో నేను చేసిన ఒకే ఒక్క మంచి పని నా కళ్ళముందు నిలబడ్డట్టుండేది.

ఈ ఏడాది నగరం జట్టుకి ఎంపికలున్నాయి. గింజకి ఇదే ఆఖరి అవకాశం. వచ్చే ఏటికి వయసు దాటిపోతుంది. పై జట్టులో ఆడేది ఎదిగిన ఆడవాళ్ళు, వాళ్ళ మధ్య దీన్ని వెతుక్కోవాలి. సరిగ్గా ఈ సమయంలోనే పాత కోచ్ వెళ్ళిపోయి ఈ మేడం వచ్చింది. నలభై దాటిన మనిషి. కుడిచేతి ఉంగరం వేలు వంకర. ఎక్కువ మాట్లాడదు. ఎక్కువ మాట్లాడనివాళ్ళంటే నాకు పడదు, లోపల ఏం పెట్టుకున్నారో తెలీదు. ఎక్కువ మాట్లాడేవాళ్ళన్నా పడదనుకోండి.

గింజ ఆడేది మూడో బేసు దగ్గర. అదే చోట ఆడే పిల్ల ఇంకొకర్తె ఉంది, పొడుగు అంటారు. ఆ పొడుగు ఎవరయ్యా అంటే, మేడంకి సొంత అక్క కూతురు.

ఇంక నేను విడమరిచి చెప్పాలా?

వచ్చిన వారానికే మేడం గింజ దగ్గర బంతి లాగేసుకుంది. ఒట్టి బ్యాటు ఊపమంది. ఎదురుగా ఎవరూ ఉండరు, బంతి ఉండదు, పిచ్చిదానిలా గాల్లో ఊపడం. అది చాలక, గింజ వీపు వైపు, కాలి పక్కనే నేలమీద ఒక చెక్క పెట్టింది. కాలు ఆ చెక్కకి తగలకూడదట. అంటే ఇన్నాళ్ళూ ఏ కాలు పక్కకి లాగి పిల్ల కంచె దాకా కొట్టిందో, ఆ కాలుకే అడ్డం కట్టింది.

"నీకేం చెప్పిందే ఆవిడ?" అనడిగాను.

"కాలు పారిపోతోందంది నాన్నా. దూరం బంతి అందదంది."

"ఇన్నాళ్ళూ అందలేదా?"

"బళ్ళ పోటీల్లో అందరూ దగ్గరికే విసురుతారు. పెద్ద పోటీల్లో దూరంగా విసురుతారట."

"అట. అన్నీ అటలే."

మా ఆవిడ బట్టలు మడతపెడుతూ తలెత్తలేదు. "పోనీ మీరెళ్ళి నేర్పండి. ఆవిడ షట్టర్లు చూసుకుంటుంది."

మా బావమరిది అక్కడే కూర్చున్నాడు. వాడికి మా ఇంట్లో కుర్చీ ఒకటి రాసిచ్చినట్టే. "బావా, నువ్వు మొన్న డాక్టరు సూది గుచ్చుతుంటే కూడా సీసా మీద పేరు చదవబోయావు," అన్నాడు. "చదవడం రాక ఊరుకున్నావు గానీ."

"ఆ సీసా మీద ఇంగ్లీషులో ఉందిరా."

"అదే నేనంటోంది."

ఇంకో సంగతి గమనించాను. మేడం తన ఫోనుతో గింజని ఒక్కదాన్నే వీడియో తీస్తోంది. పక్కనుంచి, వెనకనుంచి, ఒక్కోసారి నేలమీద బోర్లా పడుకుని కాళ్ళని. ఇంతమంది పిల్లలుండగా నా కూతురి కాళ్ళు ఈవిడకెందుకు? ఎవరికి పంపిస్తోంది? అవతలి జట్టు వాళ్ళకా, ఎంపిక చేసేవాళ్ళకా? ఇదుగో చూడండి, దీనికి కాలు నిలవదు, దీన్ని తీసుకోకండి అనా?

మైదానానికి ఎదురుగా గిడ్డంగుల వరస ఉంది. అక్కడి షట్టర్లు చాలావరకూ నేను బిగించినవే. సాయంత్రం గ్రీజు డబ్బా పట్టుకుని వెళ్ళి, ఎవరూ పిలవకపోయినా నిచ్చెన వేసుకునేవాణ్ణి. గిడ్డంగి కాపలావాడు మొదటిరోజు మెచ్చుకున్నాడు. మూడోసారి "ఎన్నిసార్లు పూస్తావన్నా, ఇక షట్టరు జారి నా నెత్తిన పడుతుంది" అన్నాడు. నిచ్చెన మీదనుంచి కంచె లోపలంతా కనిపించేది.

అలా కళ్ళలో ఒత్తులు వేసుకుని చూస్తుండగా అసలు గుట్టు దొరికింది.

పొడుగుక్కూడా చెక్క పెట్టింది మేడం. కానీ వీపు వైపు కాదు. ఎదురు వైపు, ప్లేటు వైపు. పొడుగు ముందుకాలు ప్లేటు మీదకి వెళ్ళకుండా, కాస్త ఇవతలికి తెరిచి వేసేలా. అంటే ఇంచుమించు మా గింజ వేసే అడుగే. అలా వేసినప్పుడల్లా మేడం చప్పట్లు కొడుతోంది. బంతి మూడో బేసు మీదుగా దూసుకుపోతోంది.

నిచ్చెన మీద నాకు ఒళ్ళు మండిపోయింది. నా కూతురి అడుగు నా కూతురి దగ్గర లాగేసుకుని, తన అక్క కూతురికి తొడుగుతోంది. ఇంత పచ్చిగా. అందరి ముందూ. ఒకే చెక్క, మనకో వైపు, వాళ్ళకో వైపు.

ఆ రోజే బంతులు వీధిలో పడకుండా డాబా మీద టార్పాలిన్ కట్టాను. దుకాణంలో మిగిలిన చెక్కపట్టీ ఒకటి తెచ్చి, ప్లేటు వైపు పెట్టాను. పొడుగుకి ఎక్కడ పెట్టిందో సరిగ్గా అక్కడే.

గింజ చెక్కని చూసింది, నన్ను చూసింది. "మేడం ఇటు పెట్టలేదు నాన్నా."

"నీకు పెట్టలేదు. ఎవరికి పెట్టిందో వాళ్ళకి పెట్టింది. కాలు దీనికి దూరంగా వెయ్యి."

"అలా వేస్తే మళ్ళీ పాతదే వస్తుంది."

"పాతది బాగానే ఉండేదిగా."

"మరి గ్రౌండులో?"

"అక్కడ ఆవిడ చెప్పినట్టు చెయ్యి. ఇంట్లో నేను చెప్పినట్టు. ఎంపికల రోజు నాది."

మేడంతో మాట్లాడనా మరి, అని కూడా అన్నాను. ఆ మాటకి గింజ గబుక్కున బ్యాటు తీసుకుని నిలబడింది. నేను గ్రౌండుకొచ్చి ఎవరితోనైనా మాట్లాడతానంటే దానికి భయం. ఆ సంగతి నాకు తెలుసు, అందుకే అన్నాను.

బావమరిది బంతులు విసిరేవాడు. వాడి విసురు వాడి మాటల్లాగే, ఎటెళ్తుందో వాడికే తెలీదు. "బావా, నేను దూరంగా వేస్తుంటే దీనికి అందట్లేదు," అన్నాడొకసారి.

"దగ్గరికి వెయ్యరా."

"దగ్గరికి వేస్తే కొడుతోంది."

"కొట్టడానికేగా వేస్తోంది."

వాడు దగ్గరికే విసిరాడు. నిజానికి అక్కడే నాకు తట్టాల్సింది. తట్టలేదు.

పోనుపోనూ గింజ ఆట చెడింది. గ్రౌండులో ప్రాక్టీసు పోటీల్లో బంతి వస్తుంటే కాలు ఎత్తి, ఎక్కడ వెయ్యాలో తెలీక గాల్లోనే ఆగిపోయేది. ఆలోగా బంతి వెనక కూర్చున్న క్యాచరు చేతిలో పడేది. ఇంటికొచ్చి అన్నం కెలుకుతూ కూర్చునేది. మేడం దాన్ని పక్కకి పిలిచి ఏదో అడుగుతుంటే, ఇది నేల చూస్తూ తల అడ్డంగా ఊపడం నిచ్చెన మీదనుంచి చూశాను. చూసి ఏమనుకున్నాను? ఆవిడ ప్లాను పండింది అనుకున్నాను. నేను సమయానికి మేలుకోబట్టి గానీ ఇంకా ఎంత పాడుచేసేదో అనుకున్నాను.

ఎంపికలకి నాలుగు రోజులుందనగా పొడుగు మా ఇంటికొచ్చింది. గింజ చేతి తొడుగు గ్రౌండులో మర్చిపోతే ఇవ్వడానికట. డాబా మెట్లు ఎక్కి వచ్చేసరికి గింజ చెక్క దగ్గర నిలబడి ఉంది, నేను వెనకనుంచి "పక్కకి, ఇంకా పక్కకి" అంటున్నాను.

ఆ పిల్ల చెక్కని చూసి నవ్వేసింది. "అది నా చెక్క కదా అంకుల్."

"నీదేంటి? ఇది మా దుకాణంలోది."

"అలా కాదు. మేడం నాకు పెట్టే వైపు అది. నేను ప్లేటు మీదకి నడిచేస్తాను, నడుం తిరగదు, అందుకని అటు పెడతారు. దీనికి ఉల్టా కదా. ఇది బంతి చూస్తే పారిపోతుంది, మేడం వీడియో తీసి దీనికే చూపించారు కూడా." గింజ వైపు తిరిగింది. "ఏంటే, నా మందు నువ్వు తాగుతున్నావా? అందుకేనా ఇలా తయారయ్యావు?"

గింజ కాలితో చెక్కని పక్కకి నెట్టింది.

"పారిపోవడమేంటి? మా అమ్మాయి దేనికి పారిపోతుంది?" అన్నాను.

"మోచేతికి బంతి తగిలింది కదంకుల్ అప్పుడు. చెయ్యంతా నల్లగా కమిలిపోలా? అప్పట్నుంచేగా."

నాకు తెలిసిన కమిలిన చెయ్యి ఒకటే. గ్రౌండులో స్టోర్‌రూం తలుపు కొట్టుకుందని గింజ చెప్పింది. వాళ్ళమ్మ కాపడం పెట్టింది.

"తలుపన్నావు," అన్నాను.

"బంతని చెప్తే నువ్వు వచ్చి విసిరిందాన్ని పట్టుకుని ఎందుకు కొట్టావని అడిగేవాడివి," అంది గింజ, బ్యాటు చివర నేలకి రాస్తూ. "కావాలనే కొట్టిందని తేల్చేవాడివి."

పొడుగు తొడుగు అక్కడ పెట్టేసి మెల్లగా మెట్లు దిగిపోయింది.

నేను అప్పటికప్పుడు నమ్మేశానని అనుకోకండి. వాళ్ళ పిన్నే పంపించి ఉంటుంది, వెళ్ళి వాళ్ళ ఇంట్లో ఏం చేస్తున్నారో చూసిరా అని, అనుకున్నాను. ఆ మాట మా ఆవిడతో అన్నాను కూడా.

"అవునవును," అంది మా ఆవిడ. "ఆ తొడుగు కూడా ఆవిడే దాచి ఉంటుంది. పొద్దున కుళాయి రాలేదు, అదీ ఆవిడ పనే."

కానీ మందు మాట నన్ను వదల్లేదు. చెక్క రెండు వైపులా పెట్టిందంటే ఒకరికి విషం, ఒకరికి మందు అనుకున్నాను గానీ, ఇద్దరిదీ ఒకే రోగం కాదేమోనని నా బుర్రకి ఎక్కలేదు. ఎడంపక్కకి లాగే షట్టరుకి కుడి స్ప్రింగు బిగిస్తాం, కుడిపక్కకి లాగేదానికి ఎడమది. ఇది నా పనే. నా పని నాకే గుర్తు రాలేదు.

మర్నాడు గింజ నేరుగా అడిగింది. "నాన్నా, ఎంపికల రోజు ఎవరిది కొట్టమంటావు? ఆవిడదా, నీదా?"

ఆవిడదే కొట్టు అనాలి. వచ్చిన మాట వేరే. "నీ ఇష్టం," అన్నాను.

అది జవాబు కాదని దానికి తెలుసు. నాకూ తెలుసు.

ఎంపికలు జరిగేచోట ముగ్గురు కొత్తవాళ్ళు గుడారం కింద కుర్చీల్లో కూర్చున్నారు. ఎంచుకునేది వాళ్ళు. మేడంకి అక్కడ ఓటు లేదు, కుర్చీ కూడా లేదు. అయినా వాళ్ళకి మంచినీళ్ళ సీసాలు ఆవిడే అందించడం నేను గుర్తుపెట్టుకున్నాను. పొడుగు బాగా ఆడింది. ముందుకాలు చక్కగా తెరిచి రెండుసార్లు గట్టిగా కొట్టింది. గింజ వంతు వచ్చింది. నేను మైదానం అంచున కట్టిన వల పట్టుకుని నిలబడ్డాను. విసిరే పిల్ల చెయ్యి తిప్పబోయే ముందు గింజ ప్రతిసారీ తల తిప్పి నన్ను చూసింది. నేనూ చూశాను. చూడ్డం తప్ప ఏం చెయ్యాలి? బంతులన్నీ దూరంగానే వచ్చాయి. కాలు పక్కకి పారిపోయింది, బ్యాటు గాల్లో తిరిగింది. అవుట్. ఇంకొక్క వంతు ఉంది, అంతే.

మేడం వల వెంట నడుచుకుంటూ నా దగ్గరికొచ్చింది.

"గింజ వాళ్ళ నాన్నగారూ. ఒక మాట."

"చెప్పండి."

"ఆ స్టోర్‌రూం వెనక్కి వెళ్ళి కూర్చుంటారా?"

"ఎందుకు?"

"విసిరే అమ్మాయి చేతిని చూడాల్సిన టైములో మీ మొహం చూస్తోంది."

"నా మొహంలో ఏముంది?"

"తనూ అదే వెతుక్కుంటోంది." గొంతు పెంచలేదు. "చెక్క సంగతి మా పొడుగు చెప్పింది. దాని గురించి మనం తర్వాత తీరిగ్గా దెబ్బలాడుకుందాం. ఇప్పుడు వెళ్ళండి."

"నేను లేకపోతే ఇక్కడేం జరిగేదీ నాకెలా తెలుస్తుంది?"

"తెలీదు," అందావిడ.

నేను ఎవరికీ వస్తువిచ్చి వెనక్కి తిరిగే మనిషిని కాను. కాలిన మోటారుకి తీగ చుట్టమని ఇస్తే చుట్టేవాడి ఎదురుగానే పీట వేసుకుంటాను. సాక్షి ఉండకూడదనే కదా ఈవిడ నన్ను పంపించేది, అని ఆ క్షణంలో కూడా అనిపించింది. గింజ వైపు చూశాను. నీళ్ళు తాగుతూ మమ్మల్నే చూస్తోంది. సీసా దించి, గడ్డంతో స్టోర్‌రూం వైపు చూపించింది. వెళ్ళు అన్నట్టు.

వెళ్ళాను.

స్టోర్‌రూం వెనక చిరిగిన వలలూ, గీతలు గీసే సున్నం బండీ ఉన్నాయి. వలల మీద కూర్చున్నాను. మాతో వచ్చిన బావమరిది గోడ మూల దగ్గర నిలబడ్డాడు. "నేను చూసి చెప్తాలే బావా."

"నువ్వు చెప్పేది నేను నమ్మను."

"నమ్మకు. ఊరికే విను."

పిల్లల గోల సద్దుమణిగింది. తొడుగులో బంతి పడ్డ చప్పుడు వినిపించింది.

"ఊపలేదు. మంచిపని చేసింది, మరీ దూరం," అన్నాడు.

"ఎటు చూస్తోంది?"

"ముందుకే."

"ఇటు చూడట్లేదా?"

"ఇటేముంది చూడ్డానికి, గోడ."

మళ్ళీ నిశ్శబ్దం. తర్వాత బ్యాటు చప్పుడు. పొడిగా, పొట్టిగా ఒకే దెబ్బ. వెంటనే అరుపులు, పరుగులు.

"పోయింది బావా."

"ఎటు?"

"మొదటి బేసు మీదుగా. అటువైపు."

గింజ పుట్టి బుద్ధెరిగాక అటువైపు బంతి కొట్టడం నేను చూడలేదు. వీడు నన్ను ఊరడించడానికి కల్పిస్తున్నాడనుకున్నాను. "కాలు ఎక్కడ పడింది? నేరుగానా, పక్కకా?"

"బంతిని చూస్తాడు గానీ కాలిని ఎవడు చూస్తాడు బావా?"

రెండడుగులేస్తే గోడ మూల. తొంగిచూడొచ్చు. లేచాను కూడా. లేచి, వలలు సర్దినట్టు చేసి, మళ్ళీ కూర్చున్నాను.

చాలాసేపటికి గింజ వచ్చింది. ఒళ్ళంతా ఒక పక్క మట్టి. మోచేయి గీరుకుపోయి ఉంది. ఈసారి దాచలేదు.

"జట్టులో ఉన్నాను," అంది.

"మూడో బేసా?"

"రిజర్వు. మూడో బేసు పొడుగుది."

"అనుకున్నాను" అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. గింజ కదలకుండా నిలబడి నా నోరే చూస్తోంది.

"అది నాకంటే బాగా ఆడింది నాన్నా," అంది. "దాని రెండో వంతు నువ్వు చూళ్ళేదు."

"చూళ్ళేదు," అన్నాను. "ఆ వైపుకి ఒకటి కొట్టావట."

"మావయ్య చెప్పాడా?"

"చెప్పాడు. వాడు చెప్పేవన్నీ నమ్ముతామా?"

"కొట్టాను. దూరం బంతే. కాలు నేరుగానే వేశాను."

"అయితే వేసినట్టే," అన్నాను.

గింజ కాసేపు నన్ను అనుమానంగా చూసింది.